ఫతే మైదానమున ఒక ఉపాధ్యాయుడు

హైదరాబాదు నగరమున బషీరుబాగు కూడలినుండి నాంపల్లివైపు నడచు బాటసారికి ఒకవంక నిజాము కళాశాలయు, వేరొకవంక శాసనసభా భవనపు తెల్లని గుమ్మటములును కానవచ్చుచుండగా, ఆ రెంటి నడుమ క్రీడాసామగ్రి విక్రయించు దుకాణములను నడికట్టువలె చుట్టుకొనిన ఒక విశాల ప్రాకారము ఎదురగును. లాల్‌బహదూరు స్టేడియమని దానికి నేటి వ్యవహారనామము. దివంగతుడైన ప్రధానమంత్రి లాల్‌బహదూరు శాస్త్రి స్మృత్యర్థము 1967లో ఆ పేరు పెట్టిరి. అంతకుమున్ను అది ఫతే మైదానము; పాతనగరపు వృద్ధులకు ఈనాటికిని అది ఫతే మైదానమే. ఫతే యనగా విజయము. 1687లో ఔరంగజేబు చక్రవర్తి గోలకొండ దుర్గమును ఎనిమిది మాసములు ముట్టడించి తుదకు వశపరచుకొనినప్పుడు మొగలు సైన్యము గుడారములు వేసికొని విడిసిన తావు ఇదియేయనియు, ఆ గెలుపునకు గుర్తుగా ఈ పేరు నిలిచినదనియు చరిత్రకారులు చెప్పుదురు. చేరువనే యున్న నౌబత్ పహాడు మీదినుండి నగారాలు మ్రోగించి మొగలుల ఫర్మానాలు చాటుచుండిరట. ఒక రాజ్యము కూలి వేరొకటి నెగ్గిన సందర్భమున పుట్టిన పేరది. ఆ మైదానమున తరువాతి కాలమున ఒక్క ప్రాణియు నేలకొరగకుండ లభించిన విజయములు కొన్ని కలవు. వానిని గూర్చి మన తెలుగువారికి తెలిసినది స్వల్పమని నాకు చిరకాలముగా మనస్సున బాధ. అందువలననే ఈ వ్యాసము.

అసఫ్‌జాహీల కాలమున ఈ మైదానము సైనికుల కవాతులకును, పోలో క్రీడకును ఆటపట్టయ్యెను. ఫుట్‌బాల్ మాత్రము ప్రభువుల దివాణమునుండి గాక సికింద్రాబాదు కంటోన్మెంటునుండి వచ్చెను. తిరుమలగిరి, బొల్లారము ప్రాంతములందు బారకులలో నివసించిన ఆంగ్ల పటాలములవారు సాయంకాలమున తమలో తాము ఆడుకొనుచుండగా, కంచెకు ఈవల నిలువబడి చూచిన కుర్రవాండ్రు ఆ ఆటను పట్టుకొనిరి. వారిలో పటాలములవెంట మద్రాసు రాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన తమిళ కుటుంబములవారును, ఆంగ్లో-ఇండియనులును, తెలుగువారును ఉండిరి. మూసీనదికి ఆవలనున్న పాతనగరమున ముస్లిము యువకులును, బార్కస్ పేటలో అరబ్బు వంశస్థులును ఈ ఆటను ప్రాణపదముగ ప్రేమించిరి. కనుకనే ఈ నగరపు పాత జట్ల పేర్ల పట్టికలను చదువునపుడు ఒకే పంక్తిలో నూరు మహమ్మదు, అంటోనీ, బాలరాము, కన్నను, తంగరాజు అను పేర్లు వరుసగా కనిపించును. నగరపు జనజీవితమున ఉన్న పలు పాయలు ఒక్క పంక్తిలో అంత సహజముగ కలిసిపోయిన తావులు మనకెన్ని యున్నవి?

ఆనాటి బంతి ఎట్టిదో నేటి బాలురకు తెలియదు. తోలుముక్కలను చేర్చి కుట్టిన గుల్ల యొకటి, దానిలోపల రబ్బరు తిత్తి యొకటి. తిత్తియొక్క గొట్టమును బయటికి తీసి, పంపుతో గాలి కొట్టి, గొట్టపు కొసను మడిచి దారముతో బిగించి కట్టి, దానిని మరల తోలు క్రిందికి త్రోసి, పైన చీలికయొక్క రెండంచులను చెప్పుల త్రాటివంటి వారుతో అల్లి ముడివేయవలెను. ఆ ముడి యొకింత పైకి లేచియుండును. ఎగసి వచ్చు బంతిని తలతో కొట్టునపుడు ఆ ముడి నుదుటికి తగిలెనా, చర్మము చీరుకొనును. వానకు తడిసిన తోలు నీరు పీల్చి ఇనుమడించిన బరువు నొందినట్లు తోచును. అట్టి బంతిని మనవారు పెక్కుమంది వట్టి కాళ్లతోనే తన్నిరి. బూట్లు కొనజాలని పేదరికము అందుకొక కారణము. బంతి స్పర్శ అరికాలికిని వ్రేళ్లకును తెలియవలెనను పట్టుదల మరియొక కారణము. ఆ స్పర్శవిద్యయే తరువాత మనకు ప్రతిష్ఠను తెచ్చినది. ఒక దినమున తీరని అవమానమును కూడ తెచ్చినది.

సయ్యదు అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు తావులలోని పాఠశాలలయందు ఉపాధ్యాయుడుగ పనిచేసెను. స్వయముగ మంచి ఆటగాడు; కమర్ క్లబ్బు తరఫున నగరపు పోటీలలో ఆడి పేరొందినవాడు. అయినను ఆయనను గూర్చి ముఖ్యముగ చెప్పవలసినది ఆటగాడని కాదు, ఉపాధ్యాయుడని. నల్లబల్ల యెదుట నిలిచి ఒకే పాఠమును ముప్పది మందికి ముప్పది విధముల బోధింపవలసిన వృత్తి ఆయనకు సహనమును నేర్పెను. 1940వ దశకపు తొలినాళ్లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణించునంతవరకు ఆ పదవియందే యుండెను. అందరును ఆయనను రహీం సాబు అనిరి. పెద్దవారు నేటికిని ఉత్త రహీం అనరు.

ఆయన చేతికి చిక్కిన ముడిసరుకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఆరంభమున సిటీ ఆఫ్ఘాన్సు అను పేర పిలువబడిన ఈ జట్టు 1943లో బెంగుళూరునకు పోయి, ఆష్ గోల్డ్ కప్పు పోటీ ముగింపు ఆటలో రాయల్ ఎయిర్‌ఫోర్సు వారి తెల్ల జట్టును ఓడించి తిరిగివచ్చెను. పాలకుల ఆటలో పాలకులను గెలిచిన ఆ సంఘటన దక్కనులోని క్రీడాభిమానులకు కలిగించిన ఉత్సాహము ఇంతింతయని చెప్పవలనుపడదు. పోలీసుశాఖ ఈ జట్టునకు చేసిన మేలు మరియొకటి కలదు. చురుకైన కుర్రవానికి జవాను ఉద్యోగమిచ్చి, నెలజీతము కల్పించి, ఉదయమున కవాతు, సాయంకాలమున ఆట అని నియమము పెట్టిరి. ఆకలి చింత లేనివాడే అభ్యాసమున నిలుచును. ఈ చిన్న విషయమును తరువాతి కాలపు పెద్దలు మరచిరి. దాని ఫలము ముందు చెప్పుదును.

1950వ సంవత్సరము ఈ కథకు శిఖరారంభము. రెండవ ప్రపంచయుద్ధము వలన దాదాపు పదియేండ్లు నిలిచిపోయిన డ్యూరాండ్ కప్పు పోటీలు ఆ యేడు ఢిల్లీలో మరల మొదలు కాగా, ముగింపు ఆటలో కలకత్తాకు చెందిన మోహన్‌బగాన్ వంటి మహాసంస్థను మన పోలీసు జవానులు ఓడించిరి. అదే యేట బొంబాయి కూపరేజి మైదానమున రోవర్స్ కప్పును గెలిచిరి. మరుసటి యేడు గెలిచిరి. ఆ మరుసటి యేడును గెలిచిరి. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ కప్పు హైదరాబాదును విడిచిపోలేదు. డ్యూరాండును 1954లోను, 1957లోను మరల సాధించిరి. రాష్ట్రావతరణానంతరము ఆంధ్రప్రదేశ్ పోలీసు అని పేరు మార్చుకొనిన పిమ్మట 1961లో ఇంకొకమారు గైకొనిరి. భారతదేశపు ఫుట్‌బాల్ యనగా కలకత్తాయే యని తలంచువారికి, చార్మినారు నీడలోనుండి వచ్చిన ఈ జవానులు కలిగించిన కలవరము చిన్నది కాదు. కలకత్తాలో ఒక్కొక్క క్లబ్బునకు లక్షలాది అభిమానులు, సొంత మైదానములు, దశాబ్దముల సంప్రదాయము. ఇచ్చట ఉన్నది ఒక పోలీసు కొలువు, ఒక కవాతు మైదానము, ఒక బడిపంతులు.

ఆ పంతులు ఏమి బోధించెను? ఆనాడు మనదేశమున ఫుట్‌బాల్ యనగా, బంతి దొరికినవాడు దానిని కాళ్లనడుమ ఆడించుకొనుచు ఒకని తప్పించి, వేరొకని తప్పించి, ప్రేక్షకులచేత ఆహా యనిపించుకొని, తుదకు మూడవవానికి చిక్కి బంతిని పోగొట్టుకొనుటయే. డ్రిబ్లింగు అందురు దానిని. రహీం ఒక విచిత్రమైన పోటీని ఏర్పాటు చేసెను. అందు డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి కాలికి తగిలిన తక్షణము తోడివానికి అందింపవలసినదే. కుర్రవాండ్రు మొదట విసుగుకొనిరి. వారము గడచునప్పటికి వారి కన్నులు బంతిమీదినుండి లేచి మైదానమంతటను పరికింప నేర్చినవి. ఎవడు ఎచ్చట నున్నాడో బంతి రాకపూర్వమే తెలిసికొననివానికి ఆ పోటీలో నిలువ వీలులేదు గదా! ఇంకొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. జన్మలో ఎన్నడును ఎడమకాలితో బంతిని ముట్టని పహిల్వానువంటి వెనుకవరుస ఆటగాడు పసిబిడ్డవలె తడబడుచు, ఒరుగుచు, పడుచు లేచుచు ఆడిన ఆ సాయంకాలములను ఊహించుకొనుడు. ఎత్తునుబట్టి ఒక పోటీ, వయస్సునుబట్టి ఒక పోటీ. పొట్టివాడు పొడుగువారి మధ్య నలిగిపోకుండ తన నేర్పును తాను కనుగొనుటకై ఏర్పరచిన ఉపాయమది. ఈ పోటీలకు కప్పులు లేవు, పత్రికలలో వార్తలు లేవు. వానికి ఖర్చు లేదు. కాని ఆసియాఖండమంతయు తరువాత మెచ్చుకొనిన ఆటకు పునాది అచ్చటనే పడినదని నా దృఢవిశ్వాసము.

తులసీదాసు బాలరామును గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు పోజాలను. సికింద్రాబాదు శివారునందలి అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన ఈ బాలుడు స్థానికపు పోటీలలో ఆడుచుండగా రహీం కంటబడెను. ఫతే మైదానమునకు అభ్యాసమునకు రమ్మని రహీం పిలిచినపుడు, అంతదూరము వచ్చుటకు చేతిలో డబ్బు లేదని అతడు విన్నవించుకొనెను. అమ్ముగూడ యెక్కడ, ఫతే మైదానమెక్కడ! పది కిలోమీటర్ల మీదిమాట. రహీం అతనికి సైకిలు సదుపాయము చేసెను. ఆ కుర్రవాడు తెల్లవారకముందే లేచి, కంటోన్మెంటు బాటలను దాటి, హుస్సేనుసాగరపు కట్టవైపు తొక్కుకొనుచు వచ్చి, అలసిన కాళ్లతోనే మైదానమున దిగి, ఆట ముగిసినపిదప అంతదూరమును తిరిగి తొక్కి ఇల్లు చేరెడువాడు. అతడే 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సునకును, 1960లో రోము ఒలింపిక్సునకును పోయెను. రోములో హంగేరీవంటి ఉద్దండుల మీదను, పెరూ మీదను గోలు చేసెను. చునీ గోస్వామి, పి. కె. బెనర్జీలతో కలసి భారతీయ ఫుట్‌బాల్ త్రిమూర్తులుగ కీర్తింపబడెను. ఇంత వైభవమునకు మూలము ఒక సైకిలు. పద్దుపుస్తకములో దానిని ఏ ఖాతాలో వ్రాసిరో నాకు తెలియదు. ఈ దేశమున క్రీడలమీద వెచ్చించిన ధనములో అంతకంటె సార్థకమైన పైకము వేరొకటి యుండునని నేను నమ్మను.

పీటరు తంగరాజు కథ ఇంకొక విధము. ఆజానుబాహువైన ఈ హైదరాబాదీ తొలుత ముందువరుసలో ఆడి, తరువాత గోలు కాపలాకు మరలి, ఆసియాలోని ఉత్తమ గోల్‌కీపరులలో ఒకడుగ లెక్కకు వచ్చెను. 1967లో అర్జున పురస్కారము నందెను. అజీజుద్దీను, మొయినుద్దీను, నూరు మహమ్మదు, జుల్ఫికరుద్దీను, యూసుఫు ఖాను, కన్నను, అఫ్జలు, రహీం సాబు కుమారుడే అయిన హకీము, వీరందరును ఈ నగరపు మన్నులో పొర్లి పెరిగినవారే. ఒక్క నగరము ఒక్క తరములో ఇంతమందిని దేశమునకు ఇచ్చుట సామాన్యవిషయము కాదు.

రహీం భారతజట్టునకు శిక్షకుడైన వృత్తాంతము దేశమంతటికిని తెలిసినదే గనుక సంగ్రహముగ చెప్పుదును. 1951లో ఢిల్లీ నగరమున జరిగిన ప్రప్రథమ ఆసియా క్రీడలలో మేవాలాలు చేసిన ఏకైక గోలుతో ఇరానును ఓడించి మనవారు స్వర్ణపతకమును పొందిరి. మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాభవము. ఆ చలిలో, ఆ తడినేలమీద, మనవారు పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. నేను పైన చెప్పిన అవమానము ఇదియే. దాని తరువాతనే అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసెను. ఇచ్చటి పోటీలు తొంబది నిమిషములకంటె తక్కువ కాలము జరుగుటచేత అచ్చటి పూర్తికాలపు ఆటకు మనవారి ఊపిరి చాలకపోవుచుండుటయు రహీం గ్రహించెను. ఓటమికి సాకులు వెదకక కారణములు వెదకుట ఆయన స్వభావము. నాలుగేండ్లు తిరుగునప్పటికి మెల్‌బోర్నులో ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని, నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా, 4-2 తో గెలిచి, మనదేశము ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. అంతకు మించిన స్థానమును ఈ ఆటలో మనము ఒలింపిక్సునందు నేటివరకును చూడలేదు.

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియమున ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ముగింపు ఆట; లక్షమంది ప్రేక్షకులు. రాజకీయ కారణములచేత ఆ జనసమూహమునకు మనవారిమీద ఆగ్రహము. మన జాతీయగీతము వినబడనీయక కేకలు వేసిరి. రహీం శరీరమును అప్పటికే క్షయింపజేయుచున్న వ్యాధి దగ్గుగ బయటపడుచుండెను. జర్నైలు సింగు తలకు అంతకుముందొక ఆటలో తగిలిన గాయమునకు కుట్లుపడి యుండెను. వెనుకవరుసలో ఆడు అతనిని ముందువరుసకు పంపి రహీం సాహసించెను. జ్వరముతో కొన్ని ఆటలకు దూరమైన తంగరాజు తిరిగివచ్చి గోలునెదుట నిలిచెను. పి. కె. బెనర్జీ ఒక గోలు, కుట్లుపడిన తలతోనే జర్నైలు సింగు వేరొక గోలు చేయగా, బలిష్ఠమైన దక్షిణ కొరియా జట్టును 2-1 తో గెలిచి మనవారు స్వర్ణము గైకొనిరి. తొమ్మిది మాసములు గడచినవి. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సరుచేత రహీం సాబు కన్నుమూసెను. ఆయన వయస్సు నిండ ఏబదినాలుగు కాలేదు.

మరల మైదానమునకు వత్తము. జాతీయస్థాయిలో రాష్ట్రజట్లకు జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లో తిరువనంతపురమున బొంబాయిని ఓడించి గెలిచెను. మరుసటి యేడు పోటీలు స్వనగరమునకే రాగా, తమ ప్రజలయెదుట బొంబాయినే తిరిగి ఓడించి నిలువబెట్టుకొనెను. అప్పటికి భాషారాష్ట్రము ఏర్పడి యుండినను ఫుట్‌బాల్ లోకమున హైదరాబాదునకు వేరు సంఘము, ఆంధ్రకు వేరు సంఘము ఉండెను. తరువాత అవి ఏకమైనవి. ఆంధ్రప్రదేశ్ పేర 1965-66లో కొల్లమున బెంగాలును గెలిచి ఆ ట్రోఫీని తెచ్చిరి. రహీం లేడు; ఆయన నాటిన చెట్టు ఇంకను కాయుచుండెను.

కాని ఆ కాయలను ఏరుకొనుటకు వేరొక తోటవారు వచ్చిరి. కలకత్తా క్లబ్బులు హైదరాబాదునకు మనుష్యులను పంపి, ప్రతిభగల కుర్రవాండ్రను కొనిపోవుట ముందునుండియు కలదు. 1960ల తరువాత అది ప్రవాహమయ్యెను. హబీబు, అక్బరు అను సోదరులును, నయీముద్దీనును, తరువాత షబ్బీరు అలీ, విక్టరు అమలరాజు మొదలైనవారును అక్కడ కీర్తిమంతులైరి. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము నొందిన భారతజట్టునకు నయీముద్దీను నాయకుడు. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్కు కాస్మోసు జట్టుమీద ఈడెన్ గార్డెన్సులో మోహన్‌బగాన్ 2-2 తో సమముగ నిలిచినపుడు అందొక గోలు హబీబుది. కలకత్తావారు హబీబును బడే మియా యని పిలిచి నెత్తిన పెట్టుకొనిరి. ఈ వలసకు ఆటగాండ్రను నిందించుట అన్యాయము. అచ్చట పైకము, పేరు, నిండిన మెట్లు. ఇచ్చట జవాను కొలువు. ఆ జవాను కొలువైనను నిలిచియున్నంతకాలము కొందరు నిలిచిరి. క్రీడాకారులను చేర్చుకొనుట పోలీసుశాఖయందు తగ్గినకొలదియు, బ్యాంకులును కర్మాగారములును తమ జట్లను ఒక్కొక్కటిగ ముగించినకొలదియు, నిలుచుటకు తావు లేకపోయెను. ఆకలి చింతను గూర్చి పైన చెప్పిన మాట ఇందునిమిత్తమే.

ఇక స్టేడియము సంగతి. మెట్లు పెరిగినవి, దీపస్తంభములు లేచినవి. ఆ మైదానము ఫుట్‌బాల్ ఒక్కదాని సొత్తు ఎన్నడును కాదని ఒప్పుకొనవలెను. 1955 నవంబరులో న్యూజీలాండుతో జరిగిన క్రికెట్టు టెస్టున పాలీ ఉమ్రిగరు 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన తొలి భారతీయుడైనది ఇచ్చటనే. 1983 జనవరి 9న నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగ ప్రమాణస్వీకారము చేసినదియు, 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి చేసినదియు ఇచ్చటనే. సభలు, ప్రదర్శనలు, ఉత్సవములు. వేదికలకై గుంజలు పాతినచోట గుంటలు పడును; లక్ష పాదములు త్రొక్కిన పచ్చిక ఒక ఋతువులో మరల మొలవదు. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యవారి ఛాలెంజి కప్పు పోటీలు నగరమునకు వచ్చినపుడు, ఆగస్టు వానలకు మైదానము బురదగుంటయై, ముగింపు ఆటను ఢిల్లీకి తరలింపవలసివచ్చెను. అచ్చట అంబేద్కరు స్టేడియమున సునీల్ ఛెత్రి మూడు గోలులు చేయగా తజికిస్తానును 4-1 తో ఓడించి మనదేశము ఆ కప్పును గెలిచెను. ఫతే మైదానమున జరుగవలసిన ఫతే అది. ఆ వార్త చదివిననాడు ఈ నగరపు పాత ఆటగాండ్ర గుండెలు ఎంత నొచ్చుకొనియుండునో నేను తలపోసికొనగలను.

2002లో జాతీయక్రీడలకై గచ్చిబౌలియందు నిర్మించి, దివంగత లోక్‌సభాపతి బాలయోగి పేరు పెట్టిన క్రీడాప్రాంగణమునకు పిమ్మట పెద్ద ఆటలు తరలిపోయినవి. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. అను వృత్తిజట్టు దానినే నిలయముగ చేసికొనెను. మహమ్మారి భయముచేత రెండు ఋతువులపాటు పోటీలన్నియు గోవాలోనే జరుగగా, 2022 మార్చి 20న అక్కడనే ఫతోర్దా మైదానమున, కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో గెలిచి, ఇండియన్ సూపర్ లీగు కప్పును సాధించెను. నగరమంతయు సంతోషించినది. మూడేండ్లు గడువకమునుపే ధనాభావముచేత ఆ జట్టు కుంగి, 2025లో ఢిల్లీకి తరలిపోయి, పేరును కూడ మార్చుకొనెను. కొనుగోలు చేసి తెచ్చిన జట్టు కొనుగోలుదారునితోనే పోవును. సిటీ పోలీసు జట్టును ఎవ్వరును కొనియుండలేదు. అది వీధులనుండి, బారకుల వెనుకనుండి, బడి మైదానములనుండి లేచినది. ఈ రెంటికిని గల భేదమును మన క్రీడాధికారులు గుర్తింపకుండుట నాకు ఆశ్చర్యము కలిగించును. వేలకొలది ప్రేక్షకులు కూర్చుండు మెట్లను కట్టుటకు ధనము దొరకుచున్నది. పేటకొకటిగ ఉండిన చిన్న చిన్న ఆటస్థలములు మాత్రము ఇండ్లక్రిందను, అంగళ్లక్రిందను అణగిపోయినవి. రహీం సాబునకు కావలసినవి ఆ చిన్న స్థలములే. ఫతే మైదానము ఆ చిన్న స్థలములన్నింటి ఏరులు వచ్చి కలిసిన చెరువు మాత్రమే. ఏరులను పూడ్చి చెరువుగట్టునకు సున్నము కొట్టిన నీరు వచ్చునా?

2024లో రహీం సాబు జీవితమును ఆధారముగ గైకొని మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడెను. దానిని చూచి పలువురు ఈయన మన హైదరాబాదువాడా యని విస్మయపడిరి. ఆ విస్మయము మనకు గౌరవకారణము కాదు. చిత్రము చూచి కన్నీరు పెట్టినవారిని, ఈ నగరపు క్రీడాసంఘములను, పాఠశాలల యాజమాన్యములను నేనొక్కటి యాచించుచున్నాను. ఏటేట జూన్ 11న, ఆ ఉపాధ్యాయుడు మరణించిన దినమున, లాల్‌బహదూరు స్టేడియమున బడిపిల్లలకు ఒక ఫుట్‌బాల్ పోటీ జరిపింపుడు. కప్పు అక్కరలేదు, వేదిక అక్కరలేదు, ఉపన్యాసములు అసలే అక్కరలేదు. ఒక్క నియమము చాలును: కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడవలెను. పది బంతులును, గోలులకు నాలుగు గుంజలును, ఆ ఒక్క సాయంకాలమునకు ఖాళీగ ఉంచిన మైదానమును ఉన్నయెడల ఈ యేడే మొదలుపెట్టవచ్చును.